గ్యాస్ ఎటు పోయింది?

రోహిణి కార్తెలో కారు ఏసీ సరిగ్గా పనిచేయడం లేదని నలుగురిలో అని చూడండి. ముగ్గురు చెప్పే మందు ఒక్కటే: "గ్యాస్ కొట్టించు." ఏసీ గ్యాస్‌ను మనం పెట్రోలు లెక్కలో వేసుకున్నాం. నడిపేకొద్దీ అయిపోతుందనీ, అయిపోయినప్పుడల్లా పట్టించుకోవాలనీ అనుకుంటాం. షాపువాళ్లకూ అదే సుఖం. పైపు తగిలించి, సిలిండర్ తిప్పి, చేతులు తుడుచుకునేలోపు డబ్బు చేతిలో పడుతుంది. బండి చల్లబడుతుంది కూడా. నెల తిరక్కుండా మళ్లీ వేడిగాలి మొదలైతే, ఈ ఏడు ఎండలు ఎక్కువలే అని సరిపెట్టుకుంటాం.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఏసీ మెకానిక్ ఉన్నారు. సిలిండర్ జోలికి ఆయన వెళ్లేది చిట్టచివర. దానికి ముందు చేసే పనంతా అడగడం, చూడటం, తాకడం, కొలవడం. ఏ నట్టూ విప్పకముందే లోపం ఎక్కడుందో తేల్చుకుంటారు. తేలేదాకా పానా పట్టరు. ఈ వ్యాసం ఆ తేల్చుకునే పనితనం గురించి.

ముందు గ్యాస్ సంగతి చూద్దాం. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావాటిలో ఉండేది ఆర్-134ఎ. మామూలు గాలి పీడనంలో ఇది సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. గట్టిగా నొక్కిపెడితే మాత్రం 60 డిగ్రీల వేడిలోనూ ద్రవంగా మారుతుంది. ఏసీ మొత్తం ఈ ఒక్క గుణం మీదే నడుస్తుంది. కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి వేడెక్కిస్తుంది. ఆ గ్యాస్ బండి ముందున్న కండెన్సర్‌లో బయటి గాలికి వేడి వదిలి ద్రవమవుతుంది. డ్రయర్‌లో తేమ వదిలించుకుని ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నటి దారి దాటుతుంది. దాటగానే పీడనం పడిపోయి, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో మరగడం మొదలుపెడుతుంది. మరగడానికి కావలసిన వేడిని కారులోని గాలి నుంచి లాక్కుంటుంది. అదే మనకు చల్లదనం. అక్కణ్నుంచి మళ్లీ కంప్రెసర్‌కు. గ్యాస్ ఇక్కడ కావడి మోసే మనిషి. లోపలి వేడిని బయట దించి ఖాళీ కావడితో తిరిగొస్తాడు. మోసినంత మాత్రాన కరిగిపోడు.

కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో సందు చూసుకుని బయటపడిందన్నమాట. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ షాఫ్టు సీలు గుండా ఏళ్ల తరబడి కాస్త కాస్త జారడం మామూలే. ఒక్క వేసవిలోనే ఖాళీ అయిందంటే మాత్రం దానికి కారణం ఉండి తీరాలి. పైగా చల్లదనం లేదన్న ప్రతి ఫిర్యాదులోనూ నేరం గ్యాస్‌ది కాదు. ఈ రెండు సంగతులూ మరిచిపోకపోవడమే ఆయన పనికి పునాది.

బండి రాగానే ఆయన బానెట్ ఎత్తరు, నోరు విప్పుతారు. "మొత్తానికే రావట్లేదా సార్, వచ్చి ఆగిపోతోందా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, హైవే మీదా? పొద్దున్నా, మధ్యాహ్నమా? గాలే తగ్గుతోందా, గాలి బాగానే ఉండి చల్లదనం తగ్గుతోందా?" కారు యజమానికి ఇదంతా కాలక్షేపం కబుర్లలా వినిపిస్తుంది. నిజానికి ఒక్కో జవాబుతో ఆయన వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతూ ఉంటుంది.

హైవే మీద చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగగానే వేడిగాలి వస్తుందంటే చూపు కండెన్సర్ మీదికీ, దాని ఫ్యాన్ మీదికీ పోతుంది. బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి చేసే పనిని, ఆగినప్పుడు ఫ్యాన్ చేయలేకపోతోందన్నమాట. గంట ప్రయాణం తర్వాత గాలి వేగమే తగ్గిపోయి, ఏసీ ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ బాగుంటోందంటే, కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టి గాలికి అడ్డం పడుతోంది. అక్కడ అనుమానం కాయిల్ దగ్గరుండే చిన్న సెన్సర్ మీద. మంచు కట్టే లోపే కంప్రెసర్‌ను ఆపించాల్సిన బాధ్యత దానిది. పొద్దున బాగుండి, ఇంజన్ బాగా కాగాక ఒక్కసారిగా ఆగిపోతే అది ఇంకో కథ, దానికి మళ్లీ వద్దాం. నెలల మీద మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందంటే అప్పుడు లీకు ఊసు ఎత్తాలి.

తర్వాత పైసా ఖర్చు లేని పరీక్షలు. గ్లవ్ బాక్సు వెనకుండే కేబిన్ ఫిల్టర్ బయటికి లాగి చూస్తారు. దుమ్ముతో అట్టకట్టిన ఫిల్టర్ ఉంటే ఎంత మంచి ఏసీ అయినా చేతులెత్తేస్తుంది. గాలి బయటి నుంచి వస్తోందో, లోపలిదే తిరుగుతోందో చూస్తారు. హీటర్ వైపు మూత సరిగ్గా మూసుకుంటోందో లేదో చూస్తారు. అది మూసుకోకపోతే చల్లబడ్డ గాలిలో ఇంజన్ వేడి కలుస్తూనే ఉంటుంది, పీడనం కొలిచే గేజ్ పెడితే మాత్రం అంతా సవ్యంగా కనపడుతుంది.

అప్పుడు బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయించి, పైపుల మీద చెయ్యి వేస్తారు. కంప్రెసర్ నుంచి వచ్చే పైపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి, అందుకే దాన్ని వేలితో అంటీ అంటనట్టు తాకుతారు. కండెన్సర్ దాటాక గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువ. కంప్రెసర్‌కు తిరిగొచ్చే లావు పైపు చల్లగా, చెమట పట్టి ఉండాలి. డ్రయర్ దగ్గర ఆయన చెయ్యి కాసేపు ఆగుతుంది. లోపలికి వెళ్లే పైపు, బయటికి వచ్చే పైపు ఒకే వేడిలో ఉండాలి. బయటి పైపు చల్లగా తగిలిందంటే గ్యాస్ వాల్వ్ దాకా వెళ్లకుండా డ్రయర్‌లోనే వ్యాకోచిస్తోందన్నమాట, అంటే లోపల చెత్త పేరుకుంది. ఎక్కడ చల్లబడకూడదో అక్కడ చల్లబడిందంటే అడ్డం అక్కడే ఉంది. ఈ ఒక్క సూత్రంతో, ఏ పరికరమూ లేకుండా, ఇరుకైన చోటును వేలితో చూపించేస్తారు.

చేతికి తెలిసిందాన్ని గేజ్‌తో రుజువు చేసుకోవడం తర్వాతి మెట్టు. రెండు గేజ్‌లు, మూడు గొట్టాలు. నీలం తక్కువ పీడనం వైపు, ఎరుపు ఎక్కువ పీడనం వైపు, పసుపు సిలిండర్‌కో వాక్యూమ్ పంపుకో. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు గేజ్ పెట్టి, ముల్లు బాగానే లేచింది కాబట్టి గ్యాస్ నిండుగా ఉందంటారు. 35 డిగ్రీల రోజున ఆగి ఉన్న బండిలో రెండు ముళ్లూ దాదాపు 115 పీఎస్ఐ చూపిస్తాయి. సగం గ్యాస్ ఉన్నా అంతే, నిండుగా ఉన్నా అంతే. లోపల కాస్త ద్రవం మిగిలున్నంతవరకూ ఆ పీడనాన్ని నిర్ణయించేది ఆనాటి వేడి, గ్యాస్ బరువు కాదు. అందుకే ఆయన ఆ అంకెను ఒకే ఒక్క సంగతికి వాడతారు: లోపల గ్యాస్ బొత్తిగా లేదా, ఎంతో కొంత ఉందా. అంతకుమించి దాన్నేమీ అడగరు.

అసలు చదువు ఇంజన్ నడుస్తున్నప్పుడు. వేసవి మధ్యాహ్నం నీలం ముల్లు 40 చుట్టూ, ఎర్ర ముల్లు 250కి అటూ ఇటూ ఉంటే మామూలు బండికి అది ఆరోగ్యమే. ఆయన చూసేది పీఎస్ఐ అంకెను మాత్రమే కాదు. గేజ్ ముఖం మీద లోపలి వరసలో ఉష్ణోగ్రత కూడా అచ్చు వేసి ఉంటుంది. నీలం 40 అంటే కాయిల్‌లో గ్యాస్ ఏడు డిగ్రీల దగ్గర మరుగుతోందని. ఎరుపు 250 అంటే కండెన్సర్‌లో 63 డిగ్రీల దగ్గర ద్రవమవుతోందని. బయట 40 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు, ఆ ఎండకు వేడి వదలాలంటే గ్యాస్ అంతకంటే బాగా వేడిగా ఉండక తప్పదు. ఇలా చదివితే పీడనం ఉత్త అంకెగా మిగలదు. బండిలో ఏ చోట ఏం జరుగుతోందో చెబుతుంది.

రెండు ముళ్లూ కలిసి చెప్పేదే వినాలి. రెండూ కిందికి ఉంటే గ్యాస్ తక్కువ. నీలం ఎక్కువై, ఎరుపు తక్కువైతే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. నీలం సున్నా దాటి వాక్యూమ్‌లోకి జారితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది. అదే కాసేపు జారి, ఏసీ ఆపి వేస్తే మళ్లీ మామూలైతే, లోపల చేరిన తేమ ఆ సన్నటి దారిలో మంచు కట్టి కరుగుతోంది. రెండూ పైకి ఉంటే మాత్రం మూడు నాలుగు దారులు: గ్యాస్ ఎక్కువ పట్టారు, లోపల గాలి చిక్కింది, కండెన్సర్‌కు గాలి అందడం లేదు, లేదా వాల్వ్ తెరుచుకుని బిగుసుకుపోయింది. సగం నేర్చినవాడు గేజ్‌తోనే తీర్పు చెప్పేస్తాడు. ఈయన గేజ్ చెప్పిన నాలుగింటిలో మూడింటిని కొట్టేయడానికి మరో పరీక్ష వెతుకుతారు.

ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ దగ్గర ఆ పని ఎలా సాగిందో చెబుతాను. సిగ్నళ్ల దగ్గర వేడిగాలి, బైపాస్ ఎక్కితే చల్లగాలి. అప్పటికే ఒక చోట గ్యాస్ పట్టించుకుని వచ్చారు. గేజ్ పెడితే రెండు ముళ్లూ ఎక్కువే, ఎరుపు 300 దాటి ఎక్కుతోంది. గ్యాస్ ఎక్కువైందని తీసేయడం తేలిక. ఆయన కుర్రాణ్ని పిలిచి, "ఒరేయ్, మగ్గుతో నీళ్లు పట్రా" అన్నారు. గ్రిల్ లోంచి కండెన్సర్ మీద నీళ్లు చల్లారు. ఎర్ర ముల్లు చూస్తుండగానే దిగొచ్చింది, లోపల కూర్చున్నాయన "వస్తోంది, వస్తోంది" అని అరిచారు. నీళ్లు ఆరాక ముల్లు మళ్లీ ఎక్కింది. అంటే కండెన్సర్‌కు వేడి వదలగల సత్తా ఉంది, గాలే అందడం లేదు. ఒక కాగితం తీసి గ్రిల్ ముందు పెట్టారు. ఫ్యాన్ బలంగా లాగితే కాగితం అంటుకోవాలి, ఇక్కడ ఊగి జారిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగి నీరసంగా తిరుగుతోంది. పైగా కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పురుగులు, పొట్టు, మట్టి కలిసి దట్టంగా పట్టి ఉన్నాయి. మోటారు మార్చారు, ఆ సందును లోపలి నుంచి బయటికి, సన్నటి నీటిధారతో కడిగించారు. జోరుగా కొడితే కండెన్సర్ రేకులు వంగిపోయి గాలి దారులు మూసుకుంటాయి. గ్యాస్‌ను అప్పటికప్పుడు ముట్టుకోలేదు. ఫ్యాన్ బాగయ్యాక మళ్లీ గేజ్ చూసి, అప్పుడు మాత్రమే ఎక్కువ పట్టిన కాస్తా వెనక్కి తీశారు.

ఇక వేడెక్కాక ఆగిపోయే కథ. నాకు బాగా నచ్చిన పని ఇది. ఒక పాత సెడాన్‌కు కంప్రెసర్ పోయిందని, కొత్తది వేయాలని ఎవరో చెప్పి పంపారు. పొద్దున పూట ఏసీ చక్కగా పనిచేస్తుంది. గంటసేపు ఎండలో తిరిగాక ఆగిపోతుంది, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ వస్తుంది. కంప్రెసర్ నిజంగా పోతే పొద్దున మాత్రం ఎలా పనిచేస్తుంది? ఆయన బండిని అరగంట అలాగే నడవనిచ్చి, ఆగిపోయేదాకా కాచుకుని కూర్చున్నారు. లోపం కళ్ల ముందు జరిగేదాకా ఓపిక పట్టడం ఈ పనిలో సగం. ఆగిపోయాక కంప్రెసర్ క్లచ్ కనెక్టర్ దగ్గర మీటరు పెట్టారు. పన్నెండు వోల్టుల పైనే వస్తోంది, ఎర్తు కూడా సరిగ్గా ఉంది. అంటే స్విచ్చు, రిలే, ప్రెషర్ స్విచ్, వైరింగు అన్నీ నిర్దోషులు. కరెంటు చేరుతోంది, క్లచ్ పట్టుకోవడం లేదు.

క్లచ్‌లో బెల్టుతో ఎప్పుడూ తిరిగే పుల్లీ ఒకటి, దాని ముందు కంప్రెసర్ షాఫ్టుకు బిగించిన ప్లేటు ఒకటి. మధ్యలో అర మిల్లీమీటరు అటూ ఇటూ సందు. ఏసీ వేయగానే పుల్లీ వెనకున్న కాయిల్ అయస్కాంతమై ప్లేటును లాగి పుల్లీకి అతికిస్తుంది, "టక్" మనే ఆ చప్పుడే మనకు వినిపించేది. ఏళ్ల తరబడి రాపిడికి రెండూ అరిగి సందు పెరుగుతుంది. వేడెక్కితే రాగి తీగ నిరోధం పెరుగుతుంది, వంద డిగ్రీల వేడి పెరిగితే దాదాపు నలభై శాతం. దాంతో కరెంటు తగ్గుతుంది, అయస్కాంతం బలం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు దాటగలిగిన సందును కాగిన కాయిల్ దాటలేదు. ఆయన పొడుగాటి కర్రతో, చెయ్యి బెల్టుకు దూరంగా ఉంచి, ప్లేటును చిన్నగా నొక్కారు. టక్ మని అతుక్కుంది, చల్లగాలి మొదలైంది. కొత్త కంప్రెసర్ మాట అక్కడితో ముగిసింది. ఇంజన్ ఆపి, మధ్య నట్టు విప్పి, ప్లేటు వెనకున్న పలచటి షిమ్ ఒకటి తీసేసి, ఫీలర్ గేజ్‌తో చుట్టూ మూడు చోట్ల సందు కొలిచి బిగించారు. గ్యాస్ చుక్క బయటికి పోలేదు. 1939లో అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ మొదటిసారి కార్లకు ఏసీ పెట్టినప్పుడు అందులో ఈ క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే. అంత తిప్పలు తప్పించిన భాగం, తీరా మొరాయిస్తే కంప్రెసర్ మీద నేరం మోపిస్తుంది.

గ్యాస్ నిజంగానే తక్కువైన బండ్లూ వస్తాయి. అప్పుడు మొదలవుతుంది వేట. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి, లీకైన చోట నూనె చెమ్మ పట్టి దానికి దుమ్ము అంటుకుంటుంది. టార్చి వేసి జాయింట్లన్నీ చూసి, తెల్లగుడ్డతో తుడిచి చూస్తారు. గ్యాస్ పట్టే వాల్వ్ మూత కింద సబ్బు నురగ పెడతారు, చాలామంది వదిలేసే చోటు అదే. కాయిల్ మీద అనుమానం ఉంటే డ్యాష్‌బోర్డు ఊడదీయరు. బ్లోయర్ ఆపి కాసేపాగి, ఏసీ నీళ్లు కారే గొట్టం చివర లీక్ డిటెక్టర్ పెడతారు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, కాయిల్ నుంచి కారితే అడుగున చేరి ఆ గొట్టం గుండానే దిగుతుంది. రోజంతా పట్టే విప్పుడు పని అవసరమా కాదా అన్నది అలా నిమిషాల్లో తేలిపోతుంది.

లీకు బాగుచేశాక వాక్యూమ్. పంపు పెట్టి లోపలి గాలినంతా లాగేస్తే, లోపలి తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. అరగంటకు తక్కువ నడపరు. పంపు ఆపి ముల్లు కదలకుండా నిలుస్తోందో లేదో చూడటం అందరూ చేసేదే. ఆయన దాన్ని పూర్తిగా నమ్మరు. వాక్యూమ్‌లో గొట్టం మీద పడే ఒత్తిడి బయటి గాలిది మాత్రమే, 15 పీఎస్ఐకి లోపే, అదీ బయటి నుంచి లోపలికి. నడిచేటప్పుడు లోపలి నుంచి 250 తోస్తుంది. వాక్యూమ్‌కు ఇంకా బిగుసుకునే సీలు, తోపుడుకు తెరుచుకోవచ్చు. అందుకే అనుమానం ఉన్న బండికి ముందు నైట్రోజన్ ఎక్కించి జాయింట్లకు నురగ రాస్తారు.

చివరికి గ్యాస్. అదీ ముల్లు చూసి కాదు, తూకం మీద. బానెట్ కింద స్టిక్కర్ మీద ఆ బండికి ఎన్ని గ్రాములో అచ్చు వేసి ఉంటుంది. చిన్న కార్లకు అర కిలోకు అటూ ఇటూ. యాభై గ్రాములు ఎక్కువైనా తేడా తెలుస్తుంది. కండెన్సర్ అడుగున ద్రవం నిండిపోయి వేడి వదలడానికి చోటు తగ్గుతుంది. ఎక్కువ పడితే ఎక్కువ చల్లదనం అన్న మాట ఈ లెక్క ముందు నిలవదు. బయటికి తీసిన గ్యాస్‌ను గాలిలోకి వదలరు, ఖాళీ సిలిండర్‌లోకి లాగుతారు. భూమిని వేడెక్కించడంలో ఆర్-134ఎ కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,400 రెట్లు. ఓజోన్ పొరకు చేటు చేసిన పాత ఆర్-12ను 1987 మాంట్రియల్ ఒప్పందం పక్కకు నెట్టాక వచ్చిన గ్యాస్ ఇది. 2016 నాటి కిగాలీ సవరణతో దీని వంతూ వచ్చింది. లీకు వెతక్కుండా ప్రతి వేసవిలో గ్యాస్ పట్టించుకునే బండి ఆకాశంలోకి ఏం వదులుతోందో ఈ లెక్కను బట్టి తెలుస్తుంది.

పని ముగిశాక గాలి వచ్చే చోట థర్మామీటర్ పెడతారు. అక్కడా ఒకే అంకెకు కట్టుబడరు. అనంతపురం పొడి ఎండలో సులువుగా వచ్చే చల్లదనం, బందరు ఉక్కలో అదే బండికి రాదు. గాలిలోని తేమను నీళ్లుగా మార్చడానికే కాయిల్ సత్తాలో పెద్ద వాటా ఖర్చవుతుంది. బండి కింద నీళ్లు బాగా కారుతున్నాయంటే కాయిల్ తన పని తాను చేస్తోందనే లెక్క. కొత్త కార్లలో క్లచ్ లేని కంప్రెసర్లు, కంప్యూటర్ నడిపే వాల్వ్‌లు వచ్చాయి. గేజ్‌తోపాటు స్కానరూ కావాలి, ముళ్ల భాష కొంత మారింది. అడిగే క్రమం మాత్రం మారలేదు: ముందు ఖర్చు లేనివి, తర్వాత విప్పకుండా చేయగలిగినవి, విప్పడం ఆఖరున.

ఈ పనితనానికి ఒక చిక్కుంది. మన దగ్గర మెకానిక్‌కు డబ్బు గ్యాస్ మీద, సామాను మీద వస్తుంది. షిమ్ తీసి బండి బాగుచేసినవాడు బిల్లులో ఏం రాయాలి? కంప్రెసర్ మార్చినవాడికి పదింతలు ముడుతుంది. అందుకే ఈయన బండి చూసినందుకే ముందుగా చెకింగ్ చార్జీ అడుగుతారు, పని ఇచ్చినా ఇవ్వకపోయినా. "చూసినందుకు కూడా డబ్బులా?" అని వెనుదిరిగేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇంకో షాపులో ఉచితంగా చూపించుకుని, అక్కర్లేని గ్యాస్‌కు అంతకు మించి కడతారు. ఈ వేసవిలో మీ బండి మొరాయిస్తే మెకానిక్‌ను మూడే అడగండి: పని మొదలుపెట్టే ముందు రెండు ముళ్లూ ఎంత చూపించాయి, లీకు ఎక్కడ దొరికింది, ఎన్ని గ్రాములు పట్టారు. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడు దొరికితే, చెకింగ్ చార్జీ దగ్గర బేరమాడకండి.